మా వదిన తూటాలో కొసరు

మొన్న బర్మాలో రంగం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని, "మీ వదినగారు పోయారండి, తెలిసిందా?" అన్నాడు. తెలియలేదు. ఎలా తెలుస్తుంది? యుద్ధం వచ్చినప్పుడు నేను అందరితోపాటు అడవులు పట్టి నడిచి ఇటు వచ్చేశాను. అన్నయ్యా వదినా అక్కడే ఉండిపోయారు. ఆయన ఆవిణ్ని చాలా పొగిడాడు. మహా ఇల్లాలట. పెట్టే చెయ్యట. దీపం పెట్టనిదే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదట. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని నేను వింటూ కూర్చున్నాను. చెప్పలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"మరి తుపాకి సంగతి?"

"తుపాకేటండీ?" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. దీపం పెట్టుకునే ఇల్లాళ్ళు ఏ వీధిలోనైనా ఉంటారు. ఏనుగుల్ని పడగొట్టడానికి చేసిన రెండు గొట్టాల రైఫిలు భుజానికెత్తి, తన చేత్తో తను పోసిన గుండూ తను నింపిన తూటా వేసి, ఆదివారం ఆదివారం గురి చూసి కొట్టిన ఇల్లాలు నాకు తెలిసి ఒక్కర్తే. అది వదిలేసి ఆవిడ గురించి చెప్పడమంటే కందులు వెయ్యకుండా పప్పు వండినట్టు. ఆయన్ని పంపించేసి, లోపలికొచ్చి, చాలాసేపు ఏడ్చాను. తరవాత ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆవిడ నాకు సొంత వదిన కాదు, మా పెదనాన్న కొడుకు భార్య. ఇరవయ్యేళ్ళ వయసులో, చదువు అబ్బక, భీమిలి నుంచి వచ్చి ఓడెక్కి రంగంలో దిగి, అన్నయ్యగారి బియ్యం కొట్లో గుమాస్తాగా చేరాను. రేవుకి దగ్గరలో ఇల్లు. కింద కొట్టు, పైన కాపురం. వదిన నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. గుండ్రంగా, గట్టిగా ఉండేది. ఆవిడ మేడమీంచి కేకేస్తే వీధి చివర రిక్షావాడు కూడా తననే అనుకుని ఆగేవాడు. తెల్లారిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో అందరూ ఆవిణ్నే పిలిచేవారు. కళాసీలు "అమ్మా" అని, చుట్టాలు "పిన్నీ" అని, అన్నయ్య "ఓలే" అని, బర్మా కూరగాయలమ్మి "అమా" అని. అమా అంటే అక్క. ఒక్క పిలుపుకి పలికి వెనక్కి తిరిగేలోగా ఇంకోటి వచ్చేది. నేనూ ఏం తక్కువ తినలేదు, కాఫీ కోసం రోజూ రెండుసార్లు పిలిచేవాణ్ని.

అన్నయ్యకి వేలంపాటలంటే పిచ్చి. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక తెల్ల కలప వర్తకుడి సామాను వేలం వేస్తున్నారని వెళ్ళి, కుర్చీలు కొనుక్కొస్తానన్న మనిషి ఆ రైఫిలు పాడుకొచ్చాడు. దానికి లైసెన్సు కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో ఆయనకే తెలియాలి. పాతకాలం తుపాకి అది. గొట్టంలో నా చూపుడువేలు హాయిగా దూరేది. దాని తూటాలు అప్పటికే షాపుల్లో దొరకడం మానేశాయి. అందుకని దానితోపాటు ఒక టేకు పెట్టె కూడా ఇచ్చారు. అందులో ఖాళీ ఇత్తడి గొట్టాలు, గుండు పోసుకునే అచ్చు, తుపాకిమందు కొలిచే చిన్న కొమ్ము గిన్నె ఉన్నాయి. "గోడకి తగిలిస్తే కొట్టుకి మర్యాదగా ఉంటాది" అన్నాడు అన్నయ్య. కానీ ఒక్కసారైనా పేల్చకుండా తగిలించడం ఆయనకే నామోషీ అనిపించింది.

నది అవతల సిరియం దగ్గర మాకు ఇటికల బట్టీ ఉండేది. మట్టి తవ్వి తవ్వి అక్కడ పెద్ద గొయ్యి పడింది. దాని అవతలి గట్టు ఎర్రగా, గోడలాగా నిలబడి ఉంటుంది. అక్కడైతే గుండు ఎటూ పోదని, ఒక ఆదివారం సంపాన్ పడవలో అందరం వెళ్ళాం. తడికకి సున్నం కొట్టి, మధ్యలో మసితో పళ్ళెమంత చుక్క పెట్టి, గట్టుకి ఆనించాం. పెట్టెతో వచ్చిన పాత తూటాలు నాలుగో అయిదో ఉన్నాయి. అన్నయ్య కోటు తొడుక్కుని, తలపాగా సర్దుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి మీట నొక్కాడు.

పొగ విడిపోయేసరికి అన్నయ్య బురదలో కూర్చుని ఉన్నాడు. తలపాగా ఒకచోట, చెప్పులు ఒకచోట.

"తుపాకి పాడైపోనాది" అన్నాడు గంభీరంగా.

వదిన కళ్ళంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వి, కొంగు నడుముకి బిగించి, "ఇలగియ్యండి ఓపాలి" అంది. వద్దు వద్దని మేమందరం అరిచాం. ఆవిడ చెప్పులు విడిచి, కాలివేళ్ళు మట్టిలోకి దిగేసి, ఆ బరువుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు భుజానికి హత్తుకుంది. తరవాత గట్టు అదిరింది. నేను చెవులు మూసుకుని కళ్ళు కూడా మూసేశాను. చూస్తే తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. అందులోంచి "ఓలమ్మ!" అని ఒక గొంతు వినిపించింది. ఆ తరవాత అదే గొంతు, చాలా నెమ్మదిగా:

"ఇంకోటుందేటి?"

ఆ రోజుతో ఆ తుపాకి ఆవిడదైపోయింది. లైసెన్సు కాగితం ఎవరి పేర ఉందన్నది వేరే సంగతి. అన్నయ్య ప్రతి ఆదివారం గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. గాలి లేనిరోజు ఆ గొడుగు మూసి, దాంతోనే పొగని విసిరేవాడు, చుక్క కనబడాలని. పెళ్ళాం తుపాకి పేలుస్తోందని ఊళ్ళో ఎవరైనా ఎకసెక్కం చేస్తే, "మరి మీ ఇంట్లో పేల్చగలరేటి?" అని అడిగేవాడు. నాకు ఆ అన్నయ్య అంటే కూడా చాలా ఇష్టం.

పాత తూటాలు అయిపోయాక ఆవిడ సొంతంగా నింపడం మొదలుపెట్టింది. శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సామాను గదిలో తలుపు గడియ వేసుకుని. బొగ్గుల కుంపటి దగ్గర నన్ను కూర్చోనిచ్చేది, మాట్లాడనని ఒట్టు పెట్టించుకుని. జాలర్ల వలలకి కట్టే సీసం, టీ పెట్టెల లోపల అంటించే సీసం రేకు, అన్నీ మూకుట్లో వేసి కరిగించేది. అచ్చులో పోసి, చల్లారాక విప్పితే, బొటనవేలంత గుండు వెండిలా మెరుస్తూ గుడ్డ మీద పడేది. పుస్తకాల్లో దానికి కొవ్వు రాయమన్నారట. ఆవిడ ఛీ అని, మైనంలో ఆముదం కలిపి రాసేది. ఆదివారం సాయంత్రం గట్టులోంచి ఆ గుండ్లన్నీ తవ్వించి తెచ్చి, శనివారం మళ్ళీ కరిగించేది. ఆ సీసం ఎన్నిసార్లు నీరై ఎన్నిసార్లు గట్టయిందో.

నల్ల తుపాకిమందు మాత్రం కొలిచి పోసేది. అప్పుడు చూడాలి ఆవిణ్ని. బియ్యం వర్తకుల ఇంట్లో పుట్టి, బియ్యం వర్తకుల ఇంట్లో మెట్టిన మనిషి. మొదటి గిన్నెకి ఒకటి అనదు, "లాభం" అంటుంది. తరవాత రెండు, మూడు. అంతటితో ఆగితే ఫరవాలేదు. ప్రతి గిన్నే గొట్టంలో పోశాక, రెండువేళ్ళతో చిటికెడు మందు తీసి పైన వేసేది. బియ్యం కొలిచి ఇచ్చాక పిడికెడు ఎక్కువ వేస్తాం చూడండి, అలా.

"కొసరెవులికి వొదినా? తడిక్కా?" అన్నాను ఒకరోజు, ఒట్టు తప్పి.

"నోరు మూసుకో మరిదీ. కొలిసినంతే పోసి ఊరుకుంతారేటి? అది మన సేతికి అలవాటు నేదు."

నల్ల తుపాకిమందుకి అది చెల్లింది. చిటికెడు ఎక్కువైనా భుజానికి కాస్త గట్టిగా తగిలేదంతే. సోమవారానికి ఆవిడ కుడిభుజం వంకాయ రంగులోకి తిరిగేది. పసుపూ ఆముదం వేడిచేసి రాసుకుని, ఆ చేత్తోనే పాతికమందికి వడ్డించేది.

ఒకసారి అడిగాను, ఇంత దెబ్బ తిని ఎందుకమ్మా ఈ సరదా అని. పులినో పందినో కొట్టేదైనా కాదు. గట్టు మీద కాకి వాలితే అది ఎగిరిపోయేదాకా తుపాకి దించి నిలబడేది. నా ప్రశ్నకి ఆవిడ ఇలా చెప్పింది.

"సుక్క మీద సూపు నిలిసి, ఊపిరి బిగబట్టి, ఏలు మీట మీదుంతాది సూడు, ఆ ఒక్క సణం. అప్పుడు నన్నెవులూ పిలవరు మరిదీ."

ఆ వారమంతా కాఫీ నేనే మేడెక్కి తెచ్చుకున్నాను.

ఆవిడ గురి ఎలాంటిదో మాటల్లో చెప్పడం నావల్ల కాదు. తుపాకి ఎత్తేదాకా ఆవిడ మా వదినే. అన్నం ఉడికిందా, పడవవాడికి మజ్జిగిచ్చారా అని అడుగుతూనే ఉండేది. ఎత్తిన మరుక్షణం ఆ మొహంలో మాకు తెలిసినవాళ్ళెవరూ ఉండేవారు కాదు. ఆవిడ ముక్కుపుడక కూడా కదిలేది కాదు. గాలి, నది, బట్టీ మనుషుల గోల అన్నీ తగ్గిపోయినట్టు నాకే అనిపించేది. దేవుడి గుడిలో కూడా నాకు అంత భయభక్తులు కలగలేదు. నిజం చెబుతున్నాను. తుపాకి పేలాక మళ్ళీ మా వదిన వచ్చేసి, "తగిలిందా?" అని చిన్నపిల్లలా అడిగేది.

సిరియంలో ఊ సాన్ అని ఒక బర్మా ఆసామి ఉండేవాడు. రైసుమిల్లు ఉంది. మాకు వ్యాపారంలో పాత స్నేహం. వయసు మళ్ళినా చెయ్యి వణకని మనిషి, ఆ ఒడ్డున ఆయనంత గురి ఇంకొకరికి లేదని పేరు. వదిన తుపాకి చప్పుడు విని ఒక ఆదివారం చూడటానికొచ్చి, తరవాత తన రైఫిలు పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఆయనకో పంతం ఉండేది. తన తూటాలు తనే నింపుకునేవాడు. వాటిని పెళ్ళాన్ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నల్ల తుపాకిమందు రావడం తగ్గిపోయిందని, పొగలేని కొత్తమందు వాడమని చెప్పింది ఊ సానే. చెబుతూ ఒక హెచ్చరిక కూడా చేశాడు. "అమా, ఇది కొలిచేది కాదు, తూచేది. దీంట్లో చిటికెడు ఎక్కువైతే ఈ పాత గొట్టం తట్టుకోదు. మౌల్మీన్‌లో నాకు తెలిసిన ఒకతనికి ఎడమచేతికి బొటనవేలు తప్ప మిగల్లేదు."

వదిన కంసాలి దగ్గర చిన్న త్రాసు తెప్పించింది. గురివింద గింజలు వేసి తూచి, కాగితం గరాటాతో గొట్టంలో పోసింది. పోసిందా, ఆవిడ చూస్తుండగానే ఆవిడ వేళ్ళు రెండూ మందు డబ్బాలోకి వెళ్ళి చిటికెడు పట్టుకున్నాయి. నేను కెవ్వుమన్నాను. ఆవిడ ఆ చిటికెడూ డబ్బాలో రాల్చేసి, తన చెయ్యి తనది కానట్టు చూసుకుంది. తరవాత పాతచీర పేలిక ఒకటి చింపి, నా చేత బొటనవేలూ చూపుడువేలూ కలిపి గట్టిగా కట్టించుకుంది. కట్టిన వేళ్ళతో చిటికెడు పట్టడం కుదరదు. ఆ రోజు నుంచీ కట్టు లేకుండా మందు డబ్బా మూత తీసేది కాదు.

వానలు వెనకబట్టాక ఇద్దరికీ పందెం కుదిరింది. పందెమంటే డబ్బు కాదు. ఆ ఒడ్డున ఎవరి గురి గొప్పదో తేలాలని అన్నయ్యకే ఎక్కువ ఆరాటం. తీరా ఆ వారం ఊ సాన్ రైఫిలు లోపలి స్ప్రింగు విరిగి, బాగుచేతకి వెళ్ళింది. ఇంకోసారి చూద్దామన్నాడాయన. "నా తుపాకి ఉంది గదా. ఇద్దరం దాంతోనే కొడదాం, నా తూటాల్తోనే" అంది వదిన. ఊ సాన్ పరాయివాళ్ళు నింపిన తూటా ఎన్నడూ వెయ్యని మనిషి. అయినా తలూపాడు.

ఆ శనివారం గదిలో నేను లేను, రేవులో సరుకు దిగుతుంటే అక్కడ ఉన్నాను. ఏం జరిగిందో తరవాత ఆవిడే చెప్పింది. సగం తూటాలు నింపేసరికి ఓడ దిగి ఊరునుంచి చుట్టాలొచ్చారు. ఆవిడ లేచి, కట్టు విప్పి, వాళ్ళకి కాళ్ళకి నీళ్ళిచ్చి, ఫలహారాలు పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ వచ్చినావిడ గుమ్మంలో కూర్చుని ఊరి కబుర్లు చెబుతూ ఉంటే, పుట్టింటివాళ్ళ కబుర్లు కదా, గడియ వెయ్యడానికి మనసొప్పక, వింటూ, నవ్వుతూ మిగతావి పూర్తిచేసింది.

ఆదివారం బట్టీ దగ్గర తిరునాళ్ళలా జనం చేరారు. బట్టీలో పనిచేసేవాళ్ళందరూ మన శ్రీకాకుళం, గంజాం వైపు వాళ్ళే. వాళ్ళకి అది బత్తెం బియ్యం కొలిచే రోజు కూడాను. ఒక పక్క మేస్త్రీ బియ్యం కొలుస్తున్నాడు, ఇంకో పక్క తుపాకి పేలుతోంది. ఒకరి తరవాత ఒకరు కొట్టారు. ఆవిడ ఒకటి చుక్కలో పెడితే ఆయనా చుక్కలో పెట్టేవాడు. ఆవిడ ఆఖరి గుండు చుక్క అంచు తిని పోయింది. ఇంక ఆయనకి ఒక్కటే మిగిలింది. చుక్క మధ్యలో పడితే గెలుపు ఆయనది. తప్పితే ఆవిడది. జనం అరుపులు ఆపేశారు. అన్నయ్య గొడుగు పిడి కొరుకుతున్నాడు.

ఊ సాన్ తూటా వేసి, తుపాకి మూసి, చెంప ఆనించాడు.

నేను వదిన పక్కనే ఉన్నాను. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. మేస్త్రీ వైపు చూస్తోంది. వాడు ఒక ముసలమ్మ సంచిలో కుంచం ఒంపి, అలవాటు ప్రకారం పిడికెడు కొసరు వేశాడు. వదిన తన కుడిచెయ్యి ఎత్తి మొహం ముందు పెట్టుకుంది. విప్పుకుని ఉన్న ఆ రెండు వేళ్ళనీ చూసుకుంది. రంగు పోయింది ఆవిడ మొహంలో.

"మప్యిట్ నె!" అని అరిచింది. కొట్టొద్దని. అలాంటి కేక నేను మళ్ళీ వినలేదు. అరుస్తూనే పరుగెత్తి వెళ్ళి తుపాకి గొట్టం మీద చెయ్యి వేసి కిందకి అదిమేసింది.

ఊ సాన్ మొహం ఎర్రబడింది. జనంలో గుసగుస మొదలైంది. "ఓడిపోతానని బెంగ", "సూసినావా, సరీగ్గా మీట నొక్కే యేళకి", "ఆడమనిసి బుద్ది". అన్నీ ఆవిడకి వినబడుతూనే ఉన్నాయి. ఆవిడ జీవితంలో ఎవరిదగ్గరా తప్పు ఒప్పుకోలేదు. ఉప్పెక్కువైందంటే మన నోటిదే దోషం అనే రకం. ఆ మనిషి, అంతమంది మధ్య, తన పనివాళ్ళ మధ్య, పెద్ద గొంతుతో చెప్పింది:

"తప్పు నాది. నిన్న కట్టు కట్టుకోకండా నింపినాను. నా సెయ్యి కొసరు యేసిందో నేదో నాకు తెల్దు. ఏ తూటాలో యేసిందో అదీ తెల్దు. గెలుపు ఊ సాన్‌దే."

బట్టీ పటకారు తెప్పించి, ఆ తూటాకీ, డబ్బాలో మిగిలిన తూటాలన్నిటికీ గుండ్లు ఊడబెరికింది. అన్నయ్య పక్కకి వచ్చి నెమ్మదిగా అన్నాడు, "మందు పారబొయ్యకే. పొట్లం కట్టి ఇంటికి అట్టుకెల్లి తూద్దాం. సరీగ్గా ఉందనుకో, ఈ నోళ్ళన్నీ మూతడిపోతాయి."

"సరీగ్గా ఉంటేటండీ?" అంది ఆవిడ. "నా సెయ్యి మంచిదేనని నమ్మేత్తాను. ఇంకోపాలి కట్టకండా కూకుంతాను."

అని మందంతా బురదలో ఒంపి, కాలితో తొక్కేసింది. అందులో కొసరు ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఊ సాన్ తుపాకి అన్నయ్య చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. పడవలో వదిన నది వైపు తిరిగి కూర్చుంది. "ఆ మనిసి మరి నా మొకం సూడ్డు" అంది ఒకే ఒక్కసారి. ఇంటికెళ్ళాక రైఫిలుకి నూనెగుడ్డ చుట్టి, పెట్టెకి తాళం వేసి, తాళంచెవి అన్నయ్యకిచ్చేసింది. నింపే చెయ్యి మీద నమ్మకం పోయాక కొట్టే చెయ్యి ఎందుకని.

ఆ తరవాత ఆ ఇంట్లో ఉండటం కష్టమైంది. ఏమీ మారలేదు. వంటా, వడ్డనా, కేకలూ అన్నీ ఉన్నాయి. అందరూ పిలుస్తూనే ఉన్నారు, ఆవిడ పలుకుతూనే ఉంది, ఆదివారాలు కూడా. చలికాలం వెళ్ళిపోయింది. "ఒరే, ఇంట్లో ఏదో పోనాదిరా" అన్నాడు అన్నయ్య ఒకరోజు కొట్లో. ఆయన తాళంచెవి రోజుకి నాలుగుసార్లు ఆవిడ కంటబడేలా ఎక్కడో ఒకచోట పెట్టి మర్చిపోయినట్టు నటించేవాడు. ఆవిడ తీసి మళ్ళీ ఆయన జేబులోనే వేసేది.

ఎండలు ముదురుతుండగా ఒక మధ్యాహ్నం ఊ సాన్ మా మెట్లెక్కి వచ్చాడు. పట్టులుంగీ కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, పండక్కి వచ్చినట్టు. చేతిలో ఒక చెక్కపెట్టె. వదిన తలుపు చాటున నిలబడింది, ఎన్నడూ చాటున నిలబడని మనిషి. ఆయన పెట్టె నేలమీద పెట్టి మూత తీశాడు. నిండా ఆయన తూటాల ఖాళీ గొట్టాలు, తోమి, తళతళలాడుతూ.

"అమా, ఇవి నింపిపెట్టండి" అన్నాడు. "నా రైఫిలు బాగైంది."

"నాను నింపను" అంది వదిన. "నీకు మతిపోనాదా? ఆ రోజు నీ సెయ్యి పోయేది."

వాళ్ళిద్దరూ బర్మా భాషలోకి దిగారు. ఆయన అన్నది నాకు అర్థమైనంతవరకు ఇది. "ఇన్నేళ్ళూ నా తూటాలు నేనే నింపుకున్నాను. ఎప్పుడూ తప్పు చెయ్యలేదనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఆలోచించాను. చెయ్యలేదో, చేసినా నాకు తెలియలేదో. ఇన్ని నెలలూ మందు డబ్బా తియ్యబుద్ధి కాలేదు. మీ చెయ్యి తప్పు చెయ్యగలదని మీకైతే తెలుసు. అందుకని తెచ్చాను."

వదిన అన్నయ్య దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. ఆయన జేబు తడుముకున్నాడు, కంగారులో తాళంచెవి రెండుసార్లు కింద పడేశాడు.

ఆ శనివారం ఆవిడ నాచేత మూడు వేళ్ళు కట్టించుకుంది. ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని అన్నయ్యని గుమ్మం బయట కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒక్కో తూటా మందు రెండుసార్లు తూచింది. నేను ఊపిరి కూడా మెల్లిగా పీల్చాను.

ఆదివారం గొయ్యి దగ్గర మేం నలుగురమే. ఊ సాన్ పెట్టె తెరిచి, ఒక తూటా తీశాడు. దాన్ని తిప్పి చూడలేదు, చెవి దగ్గర ఆడించలేదు. ఆవిణ్ని ఏమీ అడగలేదు. రైఫిల్లో వేసి మూసి, చెంప ఆనించాడు. ఎంత పెద్ద చప్పుడుకీ రెప్ప వెయ్యని మా వదిన నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ గోళ్ళు నా జబ్బలో దిగాయి. ఆవిడ పెదాలు ఏ దేవుణ్ని పిలుస్తున్నాయో నాకు వినిపించలేదు.

పేలింది. గట్టు అదిరింది.

చుక్కకి తగిలిందో లేదో నాకు తెలియదు. ఆవిడకీ తెలియదు. మేమిద్దరం తడిక వైపు చూడలేదు, గొట్టాన్ని పట్టుకుని ఉన్న ఆయన ఎడమచేతి వైపు చూస్తున్నాం. అది అలాగే ఉంది. ఆయన తుపాకి తెరిచి, వేడిగా ఉన్న ఖాళీ తూటా గొట్టాన్ని కింద పడేసి, తడిక మీంచి చూపు తిప్పకుండానే ఆ చెయ్యి వెనక్కి, మా వదిన ముందుకి చాపాడు.

"ఇంకోటి ఇవ్వండి, అమా."